ఇస్మాయిల్ పేరులో ఉన్నది ‘ఇస్మ్’ కాదు

‘అరబీలో ఇస్మ్ అంటే పేరు, ఇస్మాయిల్ అనే పేరులో ఉన్నది అదే’ అని ఒకరు రాశారు. చెవికి అలాగే అనిపిస్తుంది. కానీ అరబీ లిపిలో రాసి చూడండి. ఇస్మాయిల్‌లో ‘ఐన్’ ఉంది, గొంతు లోపలి నుంచి పలికే హల్లు. ‘ఇస్మ్’లో అది లేదు. ఐన్ ఉన్న ధాతువు స-మ-ఐన్, అంటే వినడం.

మూలం హీబ్రూ ‘యిష్మాఏల్’. యిష్మా అంటే వింటాడు, ఏల్ అంటే దేవుడు. బైబిల్ మొదటి గ్రంథం ఆదికాండం 16వ అధ్యాయంలో యజమానురాలి బాధ పడలేక ఎడారికి పారిపోయిన గర్భిణి దాసి హాగరుకు దేవదూత పుట్టబోయే కొడుక్కి ఈ పేరు చెప్తాడు, ఆమె మొర దేవుడు విన్నాడు కాబట్టి. 21వ అధ్యాయంలో నీళ్లు అయిపోయి, బిడ్డను పొద కింద వదిలి ఆమె ఏడుస్తుంది. అప్పుడు దేవుడు విన్నది పిల్లవాడి గొంతు అని ఉంటుంది. దాసి కొడుక్కి ఇంతకన్నా గొప్ప పేరు ఏముంటుంది!

హీబ్రూ ‘ష’కి అరబీలో చాలాచోట్ల ‘స’ వస్తుంది: షాలోం–సలాం (శాంతి), రోష్–రాస్ (తల). అందుకే అరబీ చెవికి కూడా ఈ పేరులో వినడం అనే అర్థం అందుతుంది. ఖురాన్ 14:39లో, ముసలితనంలో ఇస్మాయిల్, ఇస్‌హాఖ్‌లను ఇచ్చినందుకు వాళ్ల తండ్రి ఇబ్రాహీం దేవుణ్ణి స్తుతిస్తూ, దేవుడు దుఆను (ప్రార్థనను) వినేవాడు, ‘సమీఉద్దుఆ’, అంటాడు. పేరు పక్కనే ఆ ధాతువు! నాకు ఎంతో ఇష్టమైన ఆయత్ (ఖురాన్ వాక్యం) ఇది.

అయినా ఇది అచ్చ అరబీ పేరు కాదు. ‘వింటాడు’ అరబీలో ‘యస్మఉ’. మొదటి ‘య’ ఈ పేరులో లేదు. హీబ్రూలో ‘యి’తో మొదలయ్యే ఇస్రాయిల్, ఇస్‌హాఖ్‌లలోనూ అంతే. అరబీ వ్యాకర్తలు దీన్ని పరభాషా నామంగానే లెక్కించారు, అరబీ నామాల చివర వచ్చే ‘న్’ ధ్వని, తన్వీన్, దీనికి చేర్చరు. ఇలా పేరు పెట్టే పద్ధతి మాత్రం చాలా పాతది: క్రీ.పూ. 18వ శతాబ్దంలో సిరియాలోని మారి నగర పాలకుడు యస్మహ్-అద్దు. ‘అద్దు దేవుడు వింటాడు’ అని అర్థం.

తెలుగు బైబిల్లోని షిమ్యోను అనే పేరు, దర్గాల్లో ఖవ్వాలీ వినే సభకున్న ‘మెహఫిలే సమా’ అనే పేరులోని ‘సమా’, రెండూ ఈ ధాతువువే. ఇక తెలుగు బైబిల్లోని ఇష్మాయేలు, ముస్లింలు వాడే ఇస్మాయిల్, వీటిలో ఏది సరైనదని ఎవరైనా అడిగితే నా జవాబు: రెండూ సరైనవే. మొదటిది హీబ్రూ ‘ష’ని, రెండోది అరబీ ‘స’ని నిలుపుకున్నాయి. ఐన్ మాత్రం మన లిపిలో లేదు కాబట్టి రెండింట్లోనూ పోయింది.