సమస్య: "కుందేటికి కొమ్ము మొలిచె గుట్టల నడుమన్"

నిర్వాహకుడు: పొద్దుట్నించి ఈ పాదం నాలుక మీద ఆడుతోంది. ఇదే చివరి పాదంగా, అర్థం కుదిరేలా పద్యం కట్టండి. కల, గారడీ, శివలీల, ఈ మూడు దారుల్లో వస్తే చూడను.

పలమనేరు పంతులు:
అందపు తొట్టినఁ జెముడది
చందము కుందేలు చెవుల చాడ్పున నమరన్
సందునఁ బిలకం గనిరట
కుందేటికి కొమ్ము మొలిచె గుట్టల నడుమన్

మనవరాలు నర్సరీ నుంచి తెచ్చిన మెక్సికో జెముడు. ముళ్లున్నట్టే కనబడదు, ముట్టుకుంటే నూగు వేళ్లలో దిగి రెండ్రోజులు సతాయించింది.

చంద్రగిరి చిన్నోడు: నడక బాగుంది పంతులుగారూ. 'చందము' అన్నాక మళ్లీ అదే అర్థంలో 'చాడ్పున' దేనికి, యతికి (పాదం మొదటి అక్షరానికి నడుమ జోడీ అక్షరానికి) కూలి కాకపోతే? తొట్టిలో గుట్టలెక్కడివి?

పలమనేరు పంతులు: మనవరాలి మిద్దె తిరుపతిలో. ఎదురుగా శేషాచలమే. నీది పెట్టబ్బా, చూస్తాం.

చంద్రగిరి చిన్నోడు:
ఎందును వానయు లేకయె
మందపు కాడల జలమును మట్టుగ నిలుపన్
సందె పడ నోరు తెఱచుచు
కుందేటికి? కొమ్ము మొలిచె గుట్టల నడుమన్

కుందు + ఏటికి, అంటే కుంగిపోవడం దేనికని. కుందేలే లేదు! కొమ్మంటే మనం పచ్చడి నూరుకునే కుందేటి కొమ్ము. ఆకులుండవు, కాడే అన్నీ. నీరు ఆవిరైపోకుండా పగలు రంధ్రాలు మూసి, రాత్రి తెరిచి గాలి పీలుస్తుంది.

కాణిపాకం కామాక్షి: విరుపు అదిరింది తమ్ముడూ, ఒప్పుకోక తప్పదు. కానీ 'తెఱచుచు' ద్రుతాంతం, చివర 'న్' దాగి ఉంటుంది. దాని తర్వాత 'క' 'గ' అయి 'గుందేటికి' అనాలి, అంటే సమస్యనే మార్చేశావు. 'తెఱచెడి' అను, నోరు కొమ్ముకే అతుకుతుంది.

చంద్రగిరి చిన్నోడు: దిద్దుకున్నా అక్కా. మరి పోయిన నెల చింతపండు సమస్యలో మీ మూడో పాదం ప్రాసలో (అన్ని పాదాల్లో కలవాల్సిన రెండో అక్షరంలో) సున్న ఎగిరిపోతే పంతులుగారు 'ఆహా' అన్నారే!

కాణిపాకం కామాక్షి: అది టైపు తప్పు.

పలమనేరు పంతులు: అమ్మా, మూడు సార్లు దిద్ది పెట్టినా అదే తప్పా? నేను ఆహా అన్నది రెండో పాదానికి.

అలిపిరి అవధాని: సున్నలు తర్వాత. ఈ కుందేటి కొమ్ము మొక్కను వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ దొర 1795లో మొదలైన కోరమాండల్ మొక్కల గ్రంథంలో వర్ణించాడు. తెలుగు పేరు 'కార్ అల్లం' నుంచే 'కారల్లూమా' అనే శాస్త్రీయ నామం వచ్చిందంటారు. దొరకు మన మాట దొరికింది, మనకు యతి దొరకట్లేదు.

నిర్వాహకుడు: 'తెఱచెడి' పాఠానికే ఈ వారం పీట. తర్కంలో శశవిషాణం, అంటే కుందేటి కొమ్ము, లేనిదానికి గుర్తు, మన గుట్టల్లో కూర!

పలమనేరు పంతులు: సరే, నా 'చందము' తీసేసి 'డెందము' పెడితే?

చంద్రగిరి చిన్నోడు: యతి పోతుంది స్వామీ.