సమస్య: కాళ్ళు ముడిచి నేల గ్రద్ద వ్రాలె

మోడరేటర్:
ఈ వారం పాదం ఇదే, దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి. క్రూ రూములో ఇద్దరు మాట్లాడుకుంటుంటే చెవిన పడింది, అప్పట్నుంచి బుర్రలో తిరుగుతూనే ఉంది. చక్రాలు దించకుండా దిగడం గురించే రాయాలని లేదు కానీ మనవాళ్ళు ఇంకోటి రాస్తారా! చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్ దిగిన నౌక ఈగిల్‌ని (అదీ గ్రద్దే కదా) మాత్రం తేవద్దు, అది 1969లో కాళ్ళు చాపుకునే దిగింది.

తోకచుక్క:
మొదటి బోణీ నాదే.

మూడు పచ్చలేవి? ముందుగా చూడరా
యనుచు బూర కూసె; నదియు వినక
కబురులాడుచుండ కాక్పిటు లోపల
కాళ్ళు ముడిచి నేల గ్రద్ద వ్రాలె

స్పానర్:
"మూడు పచ్చలేవి" అని ఎత్తుకోవడం చాలా బావుంది తమ్ముడూ, చక్రాలు దిగాయని చెప్పే ఆ మూడు పచ్చ లైట్లు వెలగకపోతే ఎంత గొడవో కింద ఉండే మాకే తెలుసు. నేను చేరిన కొత్తలో ఒక శిక్షణ విమానం ఇలాగే కడుపు మీద దిగింది, మేం పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి ప్రొపెల్లర్ బ్లేడ్ల కొసలు వాడిపోయిన ఆకుల్లా వెనక్కి ముడుచుకుని ఉన్నాయి, పైలట్లకి దెబ్బ తగల్లేదు, కానీ కాక్పిట్‌లో హారన్ ఇంకా మోగుతూనే ఉంది. ఎవరో ఒకరు చెయ్యి పెట్టి స్విచ్ ఆపేదాకా ఎవరూ మాట్లాడలేదు. ఇంజిన్ జోరు తగ్గించడానికి థ్రాటిల్ వెనక్కి లాగితే చక్రాలు కింద లేవని అరవడమే దాని పని, దాని పని అది చేసింది. అందుకే నీ రెండో పాదం దగ్గర నాకు ఒళ్ళు జలదరించింది.

వెనకసీటు:
పద్యం శుభ్రంగా ఉంది, కాదనను. కానీ కబుర్లాడుతూ మర్చిపోయారంటే పాపం వాళ్ళని మరీ తేలిక చేసినట్టే. అసలు సంగతి కబుర్లలో లేదు, చేతులు మారడంలో ఉంది. 2006 మే 8న హిందూ మహాసముద్రంలోని డియెగో గార్సియా దీవిలో అమెరికా బి-1 బాంబర్ అలాగే దిగింది. రన్‌వే దగ్గరపడ్డాక పైలట్ కంట్రోల్స్ కో-పైలట్‌కి ఇచ్చాడు, చక్రాలు అవతలివాడు దించేశాడని కో-పైలట్ అనుకున్నాడు, అవి దిగలేదని చెప్పే ఎర్ర లైటు నాలుగు నిమిషాలకి పైగా వెలుగుతూనే ఉంది. మొత్తం 7,500 అడుగులు ఈడ్చుకుంటూ పోయింది. చూడండి:

నీవు దించినావ? నే ననుకొంటిని
నలుగురుండి యొకరు నడుగరైరి
దీవి రన్వె మీద దేహమీడ్చుకొనుచు
కాళ్ళు ముడిచి నేల గ్రద్ద వ్రాలె

తోకచుక్క:
అన్నా మొదటి పాదం నిజంగా అద్భుతం, రెండు సీట్ల గొంతులూ ఒక్క పాదంలో ఇమిడిపోయాయి. కానీ రన్‌వేని "రన్వె" చేశావు చూడు, రాడార్ సమస్యకి నేను "రాడరు" అని కుదించి రాస్తే వారం రోజులు నన్ను ఆడుకున్నావ్, గుర్తుందా?

వెనకసీటు:
రాడరు వేరు, ఇది వేరు. అక్కడ దీర్ఘం మధ్యలో పోయింది, చదివితే ఏదో ఊరి పేరులా వినపడింది. ఇక్కడ చివరి దీర్ఘమే పోయింది, మనం గబగబా అనేటప్పుడు రన్వె అనే అంటాం.

స్పానర్:
నేనైతే రన్వే అనే అంటాను. తమ్ముడి రాడరు కూడా అంత చెడ్డదేం కాదు, ఆ పద్యంలో మూడో పాదం ఇప్పటికీ నాకు నోటికొచ్చు.

రోటర్:
మా హెలికాప్టర్ వాళ్ళకి ఈ గొడవ తక్కువ, చాలావాటికి చక్రాల బదులు స్కిడ్లే (కదలని కడ్డీలే) కదా. అందుకే నేను అసలు విమానంలో మనిషే లేకుండా చేశాను.

తిప్పలాగకున్న దిగదూకె పైలటు
బరువు తగ్గి తాను బాగుపడియె
మంచు చేను మీద మనిషి లేకుండనే
కాళ్ళు ముడిచి నేల గ్రద్ద వ్రాలె

ఇది కల్పన కాదు. 1970 ఫిబ్రవరి 2న అమెరికాలో మోంటానా మీద ఎఫ్-106 యుద్ధ విమానం ఫ్లాట్ స్పిన్‌లో పడింది, అంటే బల్లపరుపుగా గిరగిరా తిరుగుతూ పడిపోసాగింది, పైలట్ సీటుతో సహా బయటికి ఎగిరి ఇజెక్ట్ అయ్యాడు, సీటు పోగానే విమానం తనంతట తానే తేరుకుని మంచు పొలంలో పొట్ట మీద దిగింది. ఇంజిన్ ఆగలేదు, కింద మంచు కరిగే కొద్దీ కొంచెం కొంచెం ముందుకి జరుగుతూనే ఉందట, ఇంధనం అయిపోయేదాకా గంటా ముప్పావు చూశారు. తర్వాత బాగుచేసి మళ్ళీ ఎగరేశారు కూడా, ఇప్పుడు డేటన్‌లోని అమెరికా వైమానిక దళ మ్యూజియంలో ఉంది.

వెనకసీటు:
"తిప్పలు" రెండర్థాలూ పట్టాయి, ఇంత మంచి పదం నాకు తట్టనందుకు బాధగా ఉంది. కానీ దిగదూకడం ఏంటి, ఇజెక్షన్‌లో మనిషి పైకి పోతాడు.

రోటర్:
పైకి పోయినవాడు పారాచూట్‌తో దిగాడుగా!

తోకచుక్క:
ఆ పారాచూట్ మాటతో నాకు ఇంకోటి తట్టింది. కాళ్ళు ముడవడం అసలు తప్పే కాకపోతే? మోకాళ్ళు కాస్త ముడిచి, పాదాలు కలిపి దిగమనే కదా జంపుల్లో నేర్పేది.

గొడుగు విచ్చుకొనియె, గూటిలో మిత్రులు
పిలుచు పేరు గ్రద్ద, వీరుడతడు
నేర్పినట్టె గురువు నిశ్చింతగా వచ్చి
కాళ్ళు ముడిచి నేల గ్రద్ద వ్రాలె

మోడరేటర్:
ఇదిగో, ఇది పూరణ అంటే! మిగతా మూడూ సమస్యని నిజం చేశాయి, ఇది అసలు సమస్యే లేకుండా చేసింది. గ్రద్ద కాల్‌సైన్ (తోటివాళ్ళు పిలిచే మారుపేరు) అయ్యాక పాదంలో ఒక్క అక్షరం అడ్డు రాలేదు. అన్నట్టు వెనకసీటు గారూ, మీ రెండో పాదం చూసుకున్నారా? ఒకరున్ + అడుగరైరి. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో కలవాల్సిన అక్షరం, ఇక్కడ అచ్చు మీద పడుతుంది, "న"కి "అ"తో ఎక్కడ చెల్లుతుంది? తోకచుక్క "కూసె నదియు" కూడా అదే సంధి, కానీ అక్కడ పాదం మొదట్లో "అనుచు" ఉంది కాబట్టి సరిపోయింది.

వెనకసీటు:
నిజమే, నా కంటికి ఆనలేదు. ఇలా మారుస్తున్నా:

నలుగురుండి యొట్టి నమ్మకమున

తోకచుక్క:
ముందుదానికన్నా ఇదే బావుంది, ఆ రోజు జరిగింది సరిగ్గా ఇదే కదా. ఇక రాడరు సంగతి ఏంటన్నా?

వెనకసీటు:
సరే తమ్ముడూ, రాడరు ఒప్పుకున్నా. ఆ పాత పద్యం ఇక్కడ మళ్ళీ పెట్టు, ఈసారి సరిగ్గా చదువుతా.