ఆ శ్లోకపాదంలో ‘న’ ఒకటా, రెండా?

వంతెనల ఇంజనీరు:
అందరికీ నమస్కారం. ఇరవై ఏళ్లుగా ఒక సంస్కృత వాక్యం నన్ను వదలడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తోటి ఇంజనీరు రాసిన సాంకేతిక వ్యాసం నా చేతికిచ్చి, దాని మీద వ్యాఖ్య రాయమన్నారు. రెండు పేజీలు నింపాను. మా పెద్ద ఇంజనీరు గారు అది చదివి, ఒక్క వాక్యం ఉంచి మిగతాదంతా పెన్సిలుతో కొట్టేశారు. “చాలా బాగా రాశారు”, “ఇది ఎంతో ముఖ్యమైన అంశం”, కాంక్రీటు గురించి నాకు తెలిసినదంతా ఏకరువు పెట్టిన పేరా, అన్నీ పోయాయి. మిగిలింది ఇది: “నాలుగో పేజీలో ఫ్లై యాష్ కలిపిన కాంక్రీటుకు ఏడు రోజుల క్యూరింగ్ అన్నారు. ఐఎస్ 456లో కనీసం పది రోజులని ఉంది కదా?” (ఫ్లై యాష్ అంటే బొగ్గు బూడిద, క్యూరింగ్ అంటే పోసిన కాంక్రీటును తడిగా ఉంచడం, ఐఎస్ 456 అంటే కాంక్రీటు పనులకు మన దేశపు ప్రమాణం.)

ఆ వాక్యం పక్కన అంచులో ఆయన రాసినది నాకు ఇలా గుర్తుంది: “నామూలం లిఖ్యతే కించిత్, నాపేక్షితముచ్యతే.” ఆధారం లేనిది రాయను అన్నది తెలుస్తోంది. రెండో సగమే అంతుపట్టడం లేదు. నాపేక్షితం అంటే ‘కావలసినది చెప్పను’ అనే కదా అవుతుంది? ఆయన అలా రాసే మనిషి కారు. అడుగుదామంటే ఇప్పుడు లేరు.

పాత అటక:
కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథుడిది. రఘువంశానికి ఆయన రాసిన సంజీవని వ్యాఖ్య మొదట్లోనే ఉంటుంది. “ఇహాన్వయముఖేనైవ సర్వం వ్యాఖ్యాయతే మయా, నామూలం లిఖ్యతే కించిన్నానపేక్షితముచ్యతే.” మీ జ్ఞాపకంలో ఒక ‘న’ జారిపోయింది. న అమూలం, న అనపేక్షితం: ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను. రెండు చోట్లా రెండేసి వ్యతిరేకాలు. ఒక్క అక్షరం పోతే అర్థం తలకిందులవుతుంది. అనుమానం ఉంటే అక్షరాలు లెక్కపెట్టండి: నా, న, పే, క్షి, త, ము, చ్య, తే. పాదానికి ఎనిమిది అక్షరాలుండే అనుష్టుప్పు ఛందస్సుకు సరిపోయాయి. మీరు రాసినట్లయితే ఏడే. అయిదోది లఘువు, ఆరోది గురువు, ఏడోది లఘువు కావాలి. అవీ కుదిరాయి. ఇంక చర్చకు చోటు లేదనుకుంటాను.

మెదకు మాస్టారు:
పాత అటక గారూ, పాఠం విషయంలో మీతో ఏకీభవిస్తాను. కోలాచల మల్లినాథసూరి మా జిల్లా కొల్చారం వాడు కాబట్టి ఆ శ్లోకం మాకు చిన్నప్పుడే నోటికి వచ్చింది. కానీ చర్చ ముగియలేదు, ఇప్పుడే మొదలైంది. అనపేక్షితం అన్నారు సరే. ఎవరి అపేక్ష? చదివేవాడిదా, మూలగ్రంథానిదా? అందరూ ‘పాఠకుడికి అక్కరలేనిది చెప్పను’ అని అర్థం చెప్పి ముందుకు పోతారు. పై పాదంలో ‘అన్వయముఖేనైవ’, అంటే మాటల అన్వయం ద్వారానే, అన్నాడు, అది చూడండి. వాక్యంలో ఒక పదం ఇంకో పదాన్ని కోరుతుంది. కర్త క్రియను కోరుతుంది, విశేషణం విశేష్యాన్ని కోరుతుంది. ఆ కోరికే అపేక్ష. అంటే మూలంలోని మాటలు దేన్ని అడుగుతున్నాయో దాన్నే ఇస్తాను, నా దగ్గర ఉన్నదంతా కుమ్మరించను అని ఆయన ప్రతిజ్ఞ. పాఠకుడి ప్రసక్తి అక్కడ లేదు.

గోదావరి గట్టు:
మాస్టారూ, పాఠకుడి ప్రసక్తి లేకుండా వ్యాఖ్య ఎందుకండీ? అదే పీఠికలో ‘మందాత్మానుజిఘృక్షయా’ అని ఆయనే చెప్పుకున్నాడు. మందబుద్ధుల మీద అనుగ్రహంతో రాస్తున్నానని. అది పాఠకుడు కాక ఇంకెవరు?

నా అనుమానం వేరే ఉంది. మన తెలుగులో అపేక్ష వేరు, ఆపేక్ష వేరు. మొదటిది కోరిక, రెండోది ప్రేమ. ‘ఎంతో ఆపేక్షగా పలకరించారు’ అంటాం. మా నాయనమ్మ ఉత్తరాల్లో ఈ దీర్ఘం ఎప్పుడూ తప్పేది కాదు. ఆ పెద్దాయన తెలుగు మనిషి. కావాలనే ‘న ఆపేక్షితం’ అని మార్చి రాశారేమో! ‘వ్యాఖ్య రాసేటప్పుడు మొహమాటంతో, ప్రేమతో మాట్లాడకు’ అని. ఆయన కొట్టేసిన మొదటి వాక్యం “చాలా బాగా రాశారు” అన్నదే కదా!

పాత అటక:
అందమైన ఊహ, కానీ ఛందస్సు ఒప్పుకోదు. ఏడు అక్షరాలే.

గోదావరి గట్టు:
పెన్సిలుతో అంచున రాసేవాడు అక్షరాలు లెక్కపెట్టుకుంటాడా, అటక గారూ?

నైషధాభిమాని:
ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. అందరూ అపేక్ష మీద పడ్డారు గానీ అసలు సొగసు ‘నా’లో ఉంది. నామూలం అన్నది విడి ‘న’ ఉన్న వాక్యమే అని ఎలా చెప్పగలరు? ‘నైక’ లాగా సమాసం కాకూడదా? శ్రీహర్షుడి సంస్కృత నైషధంలోని ‘గమికర్మీకృతనైకనీవృతా’ (అనేక దేశాలు తిరిగిన) మీకు తెలియనిది కాదు. దాన్నే శ్రీనాథుడు తన తెలుగు నైషధంలో ‘గమికర్మీకృత నైకనీవృతుఁడనై’ అని దించేశాడు. అనేక అనవలసిన చోట నైక. ఆ పద్యం మొదటిసారి విన్న రోజు మా తరగతిలో ఒక్కరికీ అర్థం కాలేదు, అయినా గంట కొట్టిన తరువాత కూడా ఎవరూ లేవలేదు. ‘నీ డుమువులు (డు, ము, వు, లు అనే తెలుగు ప్రత్యయాలు) నువ్వు తీసుకుని మా నైషధం మాకిచ్చెయ్యి’ అని పండితులు ఆయన్ను వెక్కిరించారన్న కథను పట్టుకుని శ్రీనాథుణ్ణి తక్కువ చేసేవారంటే నాకు బాధ. చివర ఆయన తన పద్ధతి చెప్పుకున్న వచనం ఒక్కసారి చూడండి: ‘శబ్దం బనుసరించియు, నభిప్రాయంబు గురించియు, భావం బుపలక్షించియు, రసంబు పోషించియు...’ అంటూ పోయి ‘నౌచిత్యం బాదరించియు, ననౌచిత్యంబు పరిహరించియు’ అంటాడు. నానపేక్షితానికి ఇంతకంటే మంచి తెలుగు ఎక్కడుంది? ఇంకొకరి రచన మీద చెయ్యి వేసేవాడు అనువాదకుడైనా వ్యాఖ్యాత అయినా పాటించవలసింది ఇదే. అదే సంస్కృత నైషధానికి మల్లినాథుడు జీవాతువు అనే వ్యాఖ్య రాశాడు. ఇద్దరూ మనవాళ్లే!

మెదకు మాస్టారు:
శ్రీనాథుడి మీద మీ ప్రేమను కాదనను. కానీ ‘నైక’ ఇక్కడ పనికిరాదు. అది నఞ్ సమాసం (‘అనేక’లో లాగా ‘న’ మారిపోయి ‘అన్’ అయ్యేది) కాదు. ‘న’ను మార్చకుండా ఇంకో పదంతో కలిపే సుప్సుపా సమాసమని సిద్ధాంతకౌముది అనే వ్యాకరణ గ్రంథంలోనే ఉంది. పైగా నామూలాన్ని సమాసం చేస్తే ‘లిఖ్యతే’కు వ్యతిరేకం ఎక్కడినుంచి వస్తుంది? ‘ఆధారం ఉన్నది కొంచెం రాస్తాను’ అవుతుంది. మరి కించిత్ సంగతి? ‘ఏ కొంచెమూ రాయను’ అన్న బలం పోయి, ‘ఏదో కొంచెం రాస్తాను’ అని నీరసపడుతుంది.

నైషధాభిమాని:
‘ఆధారం ఉన్నదే, అదీ కొంచెమే’ అంటే నీరసమా? నాకు అది వినయంగా వినిపిస్తోంది.

పాత అటక:
వినయం సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మల్లినాథుడు తన మాట మీద నిలబడ్డాడా? రఘువంశం మొదటి శ్లోకం దగ్గర అక్షరాలా నిలబడ్డాడు. ‘పితరౌ’ అన్న ఒక్క మాటకు ‘పితా మాత్రా’ అని పాణిని సూత్రం చూపించి, అమరకోశం చూపించి, ఇది ఏకశేషం, అంటే రెండు పదాల్లో ఒకటే మిగిలి ఇద్దరినీ చెప్పేది, అని తేల్చాడు. ఊరికే ‘తల్లిదండ్రులు’ అని దాటిపోలేదు. కానీ మేఘదూతంలో ‘దిఙ్నాగానాం పథి పరిహరన్’ దగ్గరికి వచ్చేసరికి? దిక్కుల ఏనుగులు అని చెప్పి ఊరుకోక, దిఙ్నాగుడు కాళిదాసు ప్రత్యర్థి అనీ, నిచులుడు ఆయన సహపాఠి అనీ రెండో అర్థం తీశాడు. మేఘానికి దారి చెప్పే శ్లోకానికి ఆ కథ అక్కర ఉందా? దానికి మూలం ఏమిటో ఆయన చెప్పాడా?

గోదావరి గట్టు:
ఆ శ్లోకానికి అక్కరలేదేమో గానీ, ఆ ఒక్క మాట పట్టుకుని కాళిదాసు కాలం మీద పండితులు ఎన్నాళ్లు వాదించుకున్నారో చూడండి. అనపేక్షితం అనుకున్నదే ఎందరికో పని కల్పించింది.

మెదకు మాస్టారు:
పని కల్పించడం వేరు, వెలుగు చూపడం వేరు. ‘దుర్వ్యాఖ్యావిషమూర్ఛితా’ అని ఆయనే బాధపడ్డాడు. చెడ్డ వ్యాఖ్యల విషానికి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందట. దాన్ని మళ్లీ లేపడానికే సంజీవని. చెడ్డ వ్యాఖ్య అంటే తిట్టు కాదు, గమనించండి. మూలాన్ని పక్కకు నెట్టి తాను ముందుకు వచ్చేది. రఘువంశం మొదటి శ్లోకంలోని ‘పార్వతీపరమేశ్వరౌ’ను పార్వతీప (శివుడు), రమేశ్వర (విష్ణువు) అని విరిచి శివకేశవులిద్దరూ ఉన్నారని చూపించే చమత్కారం మనమందరం విన్నదే. వ్యాకరణం ఒప్పుకుంటుంది కాబట్టి అది అమూలం కాదు. కానీ పక్కనే ‘జగతః పితరౌ’ (జగత్తుకు తల్లిదండ్రులు) అని ఉంటే ఆ విరుపును ఏ మాట అడిగింది? ఏదీ అడగలేదు. అమూలానికీ అనపేక్షితానికీ తేడా నేను పిల్లలకు దీనితోనే చెప్పేవాణ్ణి.

నైషధాభిమాని:
ఇది ఒప్పుకుంటాను, మాస్టారూ. ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పగా వినలేదు.

వంతెనల ఇంజనీరు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి పాత ఫైలు వెతికి ఆ కాగితం తీశాను. మడత సరిగ్గా ఆ మాట మీదుగా పోయింది. ‘నా’ ఉంది, ‘పే’ ఉంది, మధ్యలో కాగితం అరిగి తెల్లబడింది. ఒక అక్షరం పట్టే చోటు ఉందనే అనిపిస్తోంది గానీ, భూతద్దంతో చూసినా తేలలేదు.

ఇంకొకటి గమనించాను. మాస్టారు చెప్పిన లెక్కన చూస్తే, ఆయన ఉంచిన వాక్యానికి మూలం ఉంది, ఐఎస్ 456. కానీ దాన్ని ఆ వ్యాసం అడిగిందా? వ్యాసం వంతెన పునాది గురించి. క్యూరింగ్ మాట ఒకే ఒక్కసారి, దారిన పోతూ వచ్చింది. రాసినవారు కూడా నన్ను దాని గురించి అడగలేదు. పునాది మీద నేను రాసిన రెండు పేరాలు కొట్టేసి, ఎవరూ అడగని దీన్ని ఉంచారు. మరి ఆయన లెక్కలో అపేక్షితం ఏది?

మెదకు మాస్టారు:
ఏడు అని తప్పుగా పడిన అంకె సరైన అంకెను కోరుతోంది. వ్యాసకర్త అడగకపోయినా వాక్యం అడుగుతోంది. నా మాటే నిలబడింది.

గోదావరి గట్టు:
నాకు మాత్రం ఆ కాంక్రీటు పోసే మేస్త్రి గుర్తొస్తున్నాడు. వ్యాసం చదివి ఏడో రోజే నీళ్లు ఆపేసేవాడికి అది అపేక్షితం. పాఠకుడి ప్రసక్తి లేదన్నారు, మాస్టారూ. ఇతనే ఆ పాఠకుడు. ఇంతకీ ఇంజనీరు గారూ, ‘కదా?’ అని ప్రశ్నగా ముగించింది మీరేనా, ఆయన దిద్దారా?

వంతెనల ఇంజనీరు:
మంచి మాట అడిగారు. నేను ‘ఇది తప్పు’ అని రాశాను. దాన్ని కొట్టేసి ‘కదా?’ అని పెట్టింది ఆయనే. పెన్సిలు చారికలు ఇప్పటికీ ఉన్నాయి.

గోదావరి గట్టు:
అయితే నా దీర్ఘాన్ని నేను వదులుకోను. ఆపేక్ష వద్దని కాదేమో ఆయన అన్నది, ఉండమనే అన్నారేమో. న అనాపేక్షితం! ‘ఆపేక్ష లేకుండా చెప్పను’ అని.

పాత అటక:
నా, నా, పే, క్షి, త, ము, చ్య, తే. ఎనిమిది. రెండో అక్షరం గురువైనా పాదానికి అడ్డులేదు. ఛందస్సు ఇప్పుడు మిమ్మల్ని ఆపలేదు. కానీ మల్లినాథుడి పాఠం అది కాదు.

నైషధాభిమాని:
మల్లినాథుడి దగ్గరే ఉన్నాం కాబట్టి, రేపు జీవాతువు తీసి ‘నైక’ దగ్గర ఆయన ఏమన్నాడో చూసి రాస్తాను. మాస్టారు సుప్సుపా అన్నారు. ఆయన కూడా అదే అంటే ఒప్పుకుంటాను.