పుర్రె బొమ్మకు పళ్లు అసలు లెక్క రావాలంటే ఎట్ల?

హన్మకొండల మా అపార్ట్‌మెంట్ పిల్లలకు అక్టోబర్ 31 హాలోవీన్ కోసం పేపర్ గుజ్జుతోని పుర్రెలు చేస్తున్న, తలకాయ మంచిగనే వచ్చింది గని పళ్లే పేర్చిన ఇటుకల లెక్క కొడుతున్నయ్. ఎవరికన్న తెలిస్తే చెప్పుండ్రి అన్నా.

జవాబు: అన్ని ఒకటే సైజు చెయ్యకు తమ్మీ. పెద్దోళ్లకు పైన 16, కింద 16, నడిమి నుంచి ఒక్కో పక్కకు రెండు కొరికే పళ్లు, ఒక కోరపన్ను, రెండు చిన్న దవడపళ్లు, మూడు పెద్దయి. ముందటి పళ్లల్ల పైన నడిమి రెండు వెడల్పు, కిందియి సన్నగ. అసలు ముచ్చటేందంటే పుర్రెకు చిగుర్లు ఉండయ్, అందుకే వేరు మొదలు బయటికి కనవడాలె, ఎముక మీద వేర్ల ఉబ్బు నిలువుగ తేలాలె, కోరపన్ను కాడ ఇంక ఎక్కువ. గిదొక్కటి పట్టుకుంటే చాలు, చూసెటోళ్లు నమ్ముతరు.

జవాబు: పళ్లు చేస్తందుకు ఎం-సీల్ (పైపు లీకులు మూసే ముద్ద) బెస్ట్ అన్నా. అండ్ల వచ్చే రెండు ముద్దలు సమానంగ కలుపు, జల్ది గట్టిపడ్తది కాబట్టి కొంచెం కొంచెమే, గ్లౌజులు మాత్రం మస్ట్.

జవాబు: తెల్ల రంగు అస్సలు వద్దు. క్రీమ్ కలర్ ఆరినంక పల్చటి గోధుమ రంగు పూసి బట్టతోని తుడిస్తే సందులల్ల నిలుస్తది. వార్నిష్ పళ్లకే, ఎముకకు వద్దు.