కోల్‌కతాలో రెండు రోజులు: ఏ క్రమంలో చూడాలి?

ప్రశ్న: డిసెంబరులో అమ్మానాన్నలతో సికింద్రాబాదు నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా చేరి, ఆది, సోమవారాలు కోల్‌కతాలో గడపాలనుకుంటున్నాము. నాన్నగారికి మోకాళ్ల నొప్పులున్నందున నడక తగ్గేలా ఏ క్రమంలో చూడాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం: విక్టోరియా మెమోరియల్ గ్యాలరీలకు, 1814లో స్థాపించిన ఇండియన్ మ్యూజియానికి సోమవారం సెలవు కనుక ఆ రెండింటినీ ఆదివారమే చూడండి. మ్యూజియం చాలా పెద్దది కాబట్టి అన్ని గదులూ తిరగాలనుకోకుండా, భర్హుత్ స్తూపపు రాతి ప్రాకారం ఉన్న గది మాత్రం తప్పక చూడండి. మన అమరావతి శిల్పాలను ఇష్టపడేవారికి అక్కడి నుంచి కదలబుద్ధి కాదు.

రెండవ సమాధానం: సోమవారం పెందలాడే మెట్రోలో దక్షిణేశ్వరం చేరి, అమ్మవారి దర్శనం చేసుకుని, పడవలో హుగ్లీ నది దాటి బేలూరు మఠానికి వెళ్లండి. రెండు చోట్లా మధ్యాహ్నం తలుపులు మూస్తారు కనుక ఆలస్యం చేయవద్దు. పడవ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నాన్నగారి చేయి పట్టుకోండి.

మూడవ సమాధానం: హౌరా స్టేషను నుంచి ఎస్ప్లనేడుకు టాక్సీ అక్కరలేదండీ. 2024లో ప్రారంభమైన మెట్రో నది అడుగున సొరంగంలో నిమిషాల్లో చేరుస్తుంది, పెద్దవారికి లిఫ్టులు కూడా ఉన్నాయి.