అప్‌డేట్: కార్ల్ షుర్జ్ ఇంటివాళ్ల సంగతి తెలిసింది

జర్మనీ నుంచి వలస వెళ్లిన కార్ల్ షుర్జ్ అమెరికా అంతర్యుద్ధంలో జనరల్ ఎలా అయ్యాడు, ఇంటివాళ్లు ఏమయ్యారు అని అడిగాను కదా. చెప్పినవాళ్లందరికీ థాంక్సండీ. జర్మనీలో రాజుల పాలన మీద జరిగిన 1848 తిరుగుబాటులో షుర్జ్ కూడా ఉన్నాడు, అది విఫలమయ్యాక పారిపోయాడు. 1850లో దొంగచాటుగా తిరిగొచ్చి, తన గురువు కింకెల్‌ని బెర్లిన్ దగ్గరి స్పాండౌ జైల్లోంచి తప్పించాడు, ఏం గుండె ధైర్యమో! 1852లో అమెరికా, లింకన్ కోసం ప్రచారం, తర్వాత అంతర్యుద్ధంలో జనరల్‌గా గెటిస్‌బర్గ్ యుద్ధం.

నాకైతే ఆయన భార్య మార్గరెట్ కథే నచ్చింది. 1856లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, వాటర్‌టౌన్‌లో కూతురు అగాథెనీ, చుట్టాల పిల్లల్నీ కూర్చోబెట్టుకుని జర్మన్‌లో ఆటపాటల బడి నడిపింది. అమెరికాలో మొదటి కిండర్‌గార్టెన్ అదేనంటారు. మన ఎల్‌కేజీ, యూకేజీల్లో ఉన్నదీ ఆ జర్మన్ మాటే! షుర్జ్ 1877లో అమెరికా ప్రభుత్వంలో మంత్రి అయ్యాడు. ఆవిడ అంతకు ముందు ఏడాదే పోయింది.