డాక్టర్ రాసిచ్చిన స్టెరాయిడ్ క్రీమ్ బాబుకి పూయాలా, వద్దా?

మారతహళ్లి అమ్మ:
మా బాబుకి మూడేళ్లు, ఎగ్జిమా. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎర్రగా దద్దులు, రాత్రంతా గోకుడే. బెంగళూరు చలికి మరీ ఎక్కువైంది. స్కిన్ డాక్టర్ మోమెటసోన్ 0.1% రోజుకోసారి పూయమన్నారు. మా అత్తయ్య మాత్రం స్టెరాయిడ్ అంటే పసివాడి చర్మం పాడైపోతుంది, కొబ్బరి నూనె చాలంటారు. ఏం చేయమంటారు?

కేఆర్ పురం రావు:
అస్సలు వద్దండీ. మా తమ్ముడికి గజ్జల్లో తామర వస్తే మెడికల్ షాపువాడు చీటీ లేకుండానే ఏదో ట్యూబ్ చేతిలో పెట్టాడు. రెండు రోజుల్లో దురద మాయం, ఆపగానే నడుము దాకా పాకింది. తొడల మీద చారలు కూడా పడ్డాయి, అవి ఇక పోవట.

హెబ్బాళ్ ఫార్మసిస్ట్:
రావు గారూ, మీ తమ్ముడిది ఫంగస్, ఈ బాబుది ఎగ్జిమా. రెంటినీ ఒక గాటన కట్టేస్తే ఎలా? అలాంటి ట్యూబ్ వెనక్కి తిప్పి చదవండి, చాలావాటిలో క్లోబెటసాల్ అనే చాలా ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది, దాంతోపాటే ఓ యాంటీబయాటిక్, ఓ యాంటీఫంగల్. స్టెరాయిడ్ ఆ చోట రోగనిరోధక శక్తిని అణిచేస్తుంది కాబట్టి ఎరుపు, దురద తగ్గుతాయి, లోపల ఫంగస్ హాయిగా పాకుతుంది. ఎగ్జిమాలో అసలు జబ్బే వాపు, దాన్ని తగ్గించేదే ఈ మందు. 2018లో కేంద్రం ఇలాంటి చర్మపు స్టెరాయిడ్లను చీటీ లేకుండా అమ్మకుండా షెడ్యూల్ హెచ్‌లో కలిపింది, అయినా అమ్మేస్తున్నారు, మా వృత్తికి సిగ్గుచేటు.

అమ్మా, పిల్లల విషయంలో నేను ఎక్కువగా చూసేది భయంతో చుక్కంత పూసి, రెండు రోజులకే ఆపేసి, మళ్లీ వచ్చిందని ఇంకో డాక్టర్ దగ్గరికి పరుగెత్తడం. మీ చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబ్ నొక్కితే అర గ్రాము వస్తుంది, అది వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. డాక్టర్ చెప్పిన గడువులోపు, చర్మం చేతికి నున్నగా తగిలేదాకా పూయండి. డైపర్ కింద మాత్రం ఈ ట్యూబ్ వద్దు. ముంజేతిలోకి దిగేదానికి 40 రెట్లు వృషణాల చర్మంలోకి దిగుతుందని హైడ్రోకార్టిసోన్ అనే ఇంకో స్టెరాయిడ్ మీద 1960లలోనే కొలిచారు, పైగా డైపర్ మూతలా పనిచేస్తుంది. కనురెప్పలకీ వద్దు.

జయనగర్ లక్ష్మి:
మరి ఆపితే ముఖమంతా మంటలెత్తిపోతుందని వీడియోలు చూశానే?

హెబ్బాళ్ ఫార్మసిస్ట్:
అదీ నిజమే, 2021లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ కూడా హెచ్చరించింది. ఎక్కువగా ఘాటు మందుని నెలల తరబడి, ముఖ్యంగా ముఖానికి పూసినవాళ్లలో వస్తుంది. మన దగ్గర తెల్లబడతామని మోమెటసోన్, చర్మం రంగు తగ్గించే హైడ్రోక్వినోన్ కలిపిన క్రీములు ఏళ్ల తరబడి పూసుకునేవాళ్లు ఎంతమందో.

కేఆర్ పురం రావు:
మీరెన్ని చెప్పినా షాపుల్లో బిస్కెట్లలా అమ్ముతున్నంత కాలం నాకు నమ్మకం రాదు.

మారతహళ్లి అమ్మ:
థాంక్సండీ, ఇవాళ రాత్రి నుంచే మొదలుపెడతాను. నూనె మానక్కర్లేదు, రెండింటికీ మధ్య కాస్త టైమ్ ఇద్దాం అంటే అత్తయ్య సరేనన్నారు. బాబుకి బుగ్గ మీద కూడా ఓ మచ్చ ఉంది, దానికి వేరే ట్యూబ్ కావాలేమో సోమవారం డాక్టర్‌ని అడుగుతా.